ఎగిరేముందే ఎంగిలిపడదాం

విమానాశ్రయంలో కూర్చుని తీరిగ్గా భోజనం చేయడమంటే మనలో చాలామందికి డబ్బు దండగ. ఊళ్లో టిఫిన్ సెంటర్ ధరలు తెలిసినవారికి అక్కడి ఇడ్లీ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే కొందరు ఇంట్లోనే నాలుగు ముద్దలు ఎక్కువ తిని బయల్దేరతారు. కొందరు ‘టికెట్‌లోనే భోజనం ఉందిగా’ అని ఆకలిని ఆకాశం దాకా మోసుకెళ్తారు. ఇంకొందరు గేటు దగ్గర నిలబడి ఒక పఫ్, ఒక కూల్‌డ్రింక్‌తో సరిపెట్టుకుంటారు. జేబు లెక్కలో ఈ మూడూ తెలివైన పనులే కావచ్చు. శరీరం లెక్క వేరు. నాలుక, పేగులు, రక్తప్రసరణ విమానంలో ఎలా పనిచేస్తాయో శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా కొలిచి చూస్తున్నారు. ఆ ఫలితాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఇది: విమాన ప్రయాణం చేసే రోజున ఒక పూట భోజనానికి సరైన చోటు నేల మీదే, సరైన వేళ భద్రతా తనిఖీ ముగిసి బోర్డింగ్ మొదలయ్యే లోపే. అయితే ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు ముగించాలి అన్న షరతులు దానికి ఉన్నాయి. ఆ షరతులు పాటించకపోతే నేల మీద తిన్న ప్రయోజనమూ దక్కదు.

ముందు మనం తినబోయే గది ఎలాంటిదో చూద్దాం. జెట్ విమానాలు 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతాయి. అక్కడి గాలి మనిషి బతకడానికి చాలదు కాబట్టి క్యాబిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపుతారు. కానీ నేల మీదున్నంత ఒత్తిడి ఉంచరు. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ తేడా పెరిగేకొద్దీ విమానం గోడల మీద భారం పెరుగుతుంది, ఆ భారం తట్టుకోవాలంటే గోడలు మందంగా, బరువుగా ఉండాలి. అందుకని రాజీ కుదుర్చుకున్నారు: సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తులో గాలి ఎంత పలచగా ఉంటుందో, క్యాబిన్‌లో అంతకంటే పలచబడకూడదని నియమం. ఊటీ పట్టణం దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అంటే విమానంలో కూర్చున్నవారు ఊటీ కంటే కాస్త పైనున్న కొండ మీద కూర్చున్నట్లే. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో మూడొంతుల పాళ్లే. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి కొత్తరకం విమానాల గోడలు కార్బన్ మిశ్రమంతో తయారవుతాయి కాబట్టి వాటిలో ఈ ఎత్తును సుమారు 1,800 మీటర్లకు దించగలిగారు. ఒత్తిడి సంగతి అలా ఉంచితే, బయటి నుంచి వచ్చే గాలిలో తేమ దాదాపు ఉండదు. క్యాబిన్ తేమ సాధారణంగా 10 నుంచి 20 శాతం మధ్యే ఉంటుంది. దానికితోడు గంటల తరబడి 80 నుంచి 85 డెసిబెళ్ల ఇంజిన్ హోరు. పలచని గాలి, పొడి గాలి, ఆగని హోరు: భోజనశాలకు ఈ మూడు గుణాలనూ ఎవరూ కోరి తెచ్చుకోరు.

మొదటి దెబ్బ రుచికి. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ అనే అయిదు మూలరుచులనే పట్టుకుంటుంది. మనం రుచి అని మెచ్చుకునేదాంట్లో మిగతాదంతా వాసన. నమిలేటప్పుడు ఆహారం నుంచి లేచిన ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కులోకి చేరి, అక్కడి తడి పొరలో కరిగి, వాసన కణాలను తాకాలి. ముక్కు ఎండిపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండటానికి కారణం కూడా ముక్కే. ఈ సంగతిని కొలవడానికి జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ భవన భౌతికశాస్త్ర సంస్థ మ్యూనిక్ దగ్గరి హోల్జ్‌కిర్షెన్‌లో ఒక ఏర్పాటు చేసింది. పాత ఎయిర్‌బస్ ఎ310 విమానపు ముందుభాగాన్ని అల్పపీడన గదిలో పెట్టి, తేమ తగ్గించి, ఇంజిన్ చప్పుడు వినిపించి, కుర్చీలు కూడా అదిరేలా చేసి, మనుషులతో వంటకాలు రుచి చూపించారు. లుఫ్తాన్సా కోసం జరిపిన ఈ పరీక్షల ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఉప్పు తెలియడం 20 నుంచి 30 శాతం, తీపి తెలియడం 15 నుంచి 20 శాతం తగ్గినట్లు తేలింది. పులుపు, చేదు, ఉమామీ మీద ప్రభావం తక్కువే. నేల మీద మట్టివాసన వేస్తుందని జనం పెదవి విరిచే టమాటా రసం, విమానంలో తియ్యగా, హాయిగా అనిపిస్తుందనీ ఆ పరీక్షల్లోనే తెలిసింది.

హోరు కూడా రుచిని మారుస్తుందనడం మొదట వింతగా ఉంటుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కింబర్లీ యాన్, రాబిన్ డాండో 2015లో ప్రచురించిన ప్రయోగంలో, విమాన క్యాబిన్‌లో వినిపించే స్థాయి చప్పుడు హెడ్‌ఫోన్లలో వినిపిస్తూ అయిదు రుచుల ద్రావణాలు ఇచ్చారు. తీపి తగ్గింది, ఉమామీ పెరిగింది. ఇక్కడ గాలి ఒత్తిడినీ తేమనూ ఏమీ మార్చలేదు, కేవలం చప్పుడే. నాలుక ముందుభాగం నుంచి మెదడుకు రుచి సమాచారం మోసే నాడి మధ్యచెవి గుండా, కర్ణభేరిని ఆనుకునే వెళ్తుంది. చెవికి తగిలే గట్టి చప్పుడు ఆ నాడి పనిని కదిలిస్తుండవచ్చని పరిశోధకుల ఊహ. కారణం పూర్తిగా తేలకపోయినా ఫలితం మాత్రం స్పష్టం. టెర్మినల్‌లో ప్రకటనలు, పిల్లల ఏడుపులు, ట్రాలీల రొద ఎంత ఉన్నా అది వస్తూ పోతూ ఉండే చప్పుడు. క్యాబిన్ హోరుకు విరామం ఉండదు.

మన వంటకు ఈ నష్టం ఎక్కువనే నా అభిప్రాయం. తెలుగు వంట ప్రాణం పోపులో ఉంది. ఆవాలు చిటపటలాడి, కరివేపాకు నూనెలో పడి, ఇంగువ పొంగినప్పుడు పుట్టే పరిమళం గాలిలో తేలిపోయే పదార్థాలదే. ఆ పరిమళం పొయ్యి మీంచి దించిన కాసేపటివరకే నిండుగా ఉంటుంది. విమానంలో వడ్డించే భోజనాన్ని నేల మీది వంటశాలలో ముందే వండి, వేగంగా 5 డిగ్రీల లోపుకు చల్లార్చి, శీతల పెట్టెల్లో విమానానికి చేర్చి, పైన వేడిగాలి ఓవెన్లో మళ్లీ వేడిచేస్తారు. ఆహార భద్రతకు ఈ పద్ధతి తప్పనిసరి. కానీ చల్లారి మళ్లీ కాగిన పోపులో పరిమళం ఎంత మిగులుతుందో ఏ గృహిణినడిగినా చెబుతుంది. ఆ మిగిలిన కాస్తనూ పట్టుకోవాల్సిన ముక్కేమో ఎండిపోయి ఉంటుంది. కాఫీ, టీలకు ఇంకో చిక్కు ఉంది. గాలి ఒత్తిడి తగ్గితే నీళ్లు తొందరగా మరుగుతాయి. క్యాబిన్ ఒత్తిడిలో నీళ్లు దాదాపు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఎంతసేపు కాచినా అంతకంటే వేడెక్కవు. వేడినీళ్లు పోసి మూతపెట్టే కప్పు ఉప్మా అయినా, టీ అయినా నేల మీద దిగినట్లు దిగకపోవడానికి ఇదొక కారణం. ఈ లోటు పూడ్చడానికి పాకశాస్త్రజ్ఞులకు మిగిలే సులువైన దారి ఉప్పూ మసాలాలూ పెంచడం. రక్తపోటు ఉన్నవారికి, గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చునేసరికి పాదాలు వాచేవారికి అదనపు ఉప్పు చేసే మేలేమీ లేదు.

రుచి పోతే పోయింది, పొట్ట నిండితే చాలదా అనేవారు రాబర్ట్ బాయిల్‌ను తలచుకోవాలి. 1662లో ఆయన చెప్పిన సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత మారనప్పుడు ఒత్తిడి తగ్గినకొద్దీ వాయువు పరిమాణం పెరుగుతుంది. విమానం పైకెళ్లాక చిప్స్ ప్యాకెట్ బంతిలా ఉబ్బడం చాలామంది గమనించే ఉంటారు. పేగుల్లోని గాలికీ అదే నియమం. సముద్రతీరాన ఉన్న విశాఖపట్నంలో ఎక్కినవారి పొట్టలోని గాలి, క్యాబిన్ ఒత్తిడి కనిష్ఠానికి చేరేసరికి దాదాపు 35 శాతం పెరుగుతుంది. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, హైదరాబాద్‌లో ఎక్కినవారికి ఆ పెరుగుదల 25 శాతం దగ్గరే ఆగుతుంది. ఆరోగ్యవంతుల పేగుల్లో మామూలుగా ఉండేది 100 నుంచి 200 మిల్లీలీటర్ల గాలి మాత్రమే. అందులో మూడో వంతు పెరిగినా ప్రమాదమేమీ లేదన్న మాట నిజమే. కానీ మింగిన గాలి, కూల్‌డ్రింక్ విడుదల చేసిన కార్బన్ డయాక్సైడ్, పప్పులు పులిసి పుట్టిన వాయువు కలిస్తే మొదటి అంకె పెద్దదవుతుంది, దానితోపాటే పెరుగుదలా పెద్దదవుతుంది. పైగా నడుముకు బెల్టు, ముందు మడత బల్ల, లేచి నడిచే వీల్లేని ఇరుకు సీటు. డెన్మార్క్ వైద్యుడు జేకబ్ రోసెన్‌బర్గ్, ఆయన సహచరులు 2013లో న్యూజీలాండ్ మెడికల్ జర్నల్‌లో ఈ ఇబ్బంది మీదే ఒక సరదా సమీక్ష రాసి, గాలిని బిగబట్టుకోవడం కంటే వదిలేయడమే ఆరోగ్యమని తేల్చారు. పక్క సీటువారి దృష్ట్యా, ఆ అవసరం రాకుండా చూసుకోవడం ఇంకా మేలు.

ఇక్కడే ‘ఏం తినాలి’ అన్న షరతు వస్తుంది, దానికి గడియారం లెక్క తోడవుతుంది. నీళ్లు, మజ్జిగ లాంటివి జీర్ణాశయాన్ని త్వరగానే దాటిపోతాయి. ఘనాహారంలో సగం దాటడానికి సుమారు రెండు గంటలు పడుతుంది, దాదాపు అంతా ఖాళీ కావడానికి నాలుగు గంటలు. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. శనగలు, ఉలవలు, రాజ్మా, అలసందల్లో ఉండే రాఫినోస్ జాతి చక్కెరలను అరిగించే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అవి అరగకుండానే పెద్దపేగు చేరి అక్కడి బాక్టీరియాకు ఆహారమై, తిన్న నాలుగైదు గంటల తర్వాత వాయువును పుట్టిస్తాయి. అంటే బయల్దేరడానికి గంటన్నర ముందు ఛోలే భటూరే తిని ఢిల్లీ వెళ్లేవారు వాయువు పుట్టేలోపే దిగిపోవచ్చు. అదే తిని అమెరికా వెళ్లేవారికి అది సరిగ్గా నడి ఆకాశంలో పుడుతుంది. నేల మీద తినడమే మేలన్న నా వాదన సుదూర ప్రయాణాల్లో వంటకాల ఎంపిక మీద ఆధారపడటం అందుకే. ఇడ్లీ, ఉప్మా, కొద్దిపాటి పప్పుతో అన్నం, గుడ్డు, పెరుగన్నం లాంటివి ఈ లెక్కలో నెగ్గుతాయి. ఉలవచారు, గోబీ మంచూరియా, మొలకల సలాడ్, పూరీలు తిరుగు ప్రయాణం ముగిశాక ఇంట్లో తినదగినవి.

మూడో సంగతి రక్తప్రసరణ. భోజనం చేయగానే పేగులవైపు రక్తం ఎక్కువగా మళ్లుతుంది. వయసు మళ్లినవారిలో కొందరికి తిన్న రెండు గంటల్లోపు రక్తపోటు గుర్తించదగినంత పడిపోతుంది, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న పెద్ద భోజనం తర్వాత ఇది మరీ ఎక్కువ. నేల మీద ఇది చాలాసార్లు తెలియకుండానే గడిచిపోతుంది. క్యాబిన్‌లో దీనికి ప్రాణవాయువు కొరత తోడవుతుంది. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 502 మందిని 20 గంటల కృత్రిమ విమానయానంలో కూర్చోబెట్టారు. 2,400 మీటర్ల స్థాయిలో వారి రక్తంలోని ఆక్సిజన్ సంతృప్తత 4.4 శాతం పాయింట్ల మేర తగ్గింది. ఆరోగ్యవంతులకు ఇది ప్రమాదకరం కాదు, కానీ కొన్ని గంటలు గడిచేసరికి అసౌకర్యం పెరిగింది. అదే పత్రికలో 2013లో వచ్చిన మరో అధ్యయనం విమానాల్లో తలెత్తిన దాదాపు 12,000 వైద్య అత్యవసరాలను పరిశీలించింది. వాటిలో 37 శాతం స్పృహ తప్పడం లేదా తప్పబోవడమే, వాంతులు, వికారం మరో 10 శాతం దాకా ఉన్నాయి. ఆ కేసులన్నిటికీ భోజనమే కారణమని ఆ అధ్యయనం చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ ఆక్సిజన్ తగ్గిన గదిలో, నీళ్లు తక్కువైన శరీరంతో, రక్తం పేగులవైపు మళ్లిన వేళ టాయిలెట్ కోసం చటుక్కున లేచి నిలబడటం స్పృహ తప్పడానికి దారితీసే పరిస్థితులన్నిటినీ ఒకచోట చేర్చడమే. జీర్ణక్రియలోని బరువైన తొలిఘట్టాన్ని నేల మీద ముగించుకుంటే అందులో ఒక కారణాన్నయినా తప్పించినట్లవుతుంది.

మద్యం విషయంలో సాక్ష్యం ఇంకా గట్టిది. కొలోన్‌లోని జర్మన్ అంతరిక్ష కేంద్రం పరిశోధకులు 2024లో థొరాక్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యవంతులైన యువతీయువకులు మద్యం తీసుకుని క్యాబిన్ ఒత్తిడిలో నిద్రపోయినప్పుడు వారి ఆక్సిజన్ సంతృప్తత 85 శాతానికి పడిపోయింది, గుండె నిమిషానికి 88 సార్లు కొట్టుకుంది. మద్యం లేకుండా నేల మీది ఒత్తిడిలో నిద్రపోయినవారిలో ఈ అంకెలు 96 శాతం, 64. విమానాశ్రయంలో తాగి విమానంలో నిద్రపోయినా రక్తంలో ఉండే మద్యం అదే. కాబట్టి నేల మీద తినమన్న సలహా నేల మీద తాగమన్న సలహా కాదు.

ఇంతకీ కూర్చునే ఎందుకు తినాలి? నడుస్తూ, గేటు నంబరు వెతుక్కుంటూ తినేవారు సరిగా నమలరు, ముద్దతోపాటు గాలి మింగుతారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది, ఆలోగా అవసరానికి మించి తినేస్తారు. ఆందోళన సంగతి మరీ ముఖ్యం. ఆలస్యమవుతుందేమో, సామాను బరువెక్కువేమో అన్న ఆదుర్దాలో మెదడు విడుదల చేసే రసాయనాలు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయని ప్రయోగాల్లో రుజువైంది. అందుకే భోజనం భద్రతా తనిఖీ ముందు కాక తర్వాత చేయాలంటాను. సామాను అప్పగించి, పాస్‌పోర్టు మీద ముద్ర పడి, బూట్లు మళ్లీ తొడుక్కున్న తర్వాత ఆదుర్దా పడాల్సిన పని ఒకటే మిగులుతుంది: గేటు. దేశీయ విమానాల గేట్లు సాధారణంగా బయల్దేరే వేళకు 20, 25 నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి, ఆ వేళ గుర్తుపెట్టుకుని అరగంట కూర్చుంటే చాలు.

నేల మీద తిని ఎగరడం కొత్త సంగతేమీ కాదు, మొదట్లో ప్రయాణికులకు అదే అలవాటు. 1919లో లండన్, పారిస్ మధ్య తిరిగిన విమానాల్లో మూడు షిల్లింగులకు భోజనపు పొట్లాలు అమ్మిన మాట నిజమే కానీ, చాలాకాలం పాటు అసలు భోజనం మజిలీల్లోనే జరిగేది. ఐర్లండ్‌లోని ఫోయిన్స్ రేవులో నీటి మీద వాలే విమానాలు ఆగినప్పుడు ప్రయాణికులు దిగి అక్కడి రెస్టరెంట్లోనే తినేవారు. చలిలో వణుకుతున్నవారి కోసం అక్కడి వంటవాడు జో షెరిడన్ తయారుచేసిన పానీయమే ఐరిష్ కాఫీగా లోకమంతా పాకింది. విమానాలు మజిలీలు లేకుండా దూరాలు దాటగలిగాక భోజనం పైకెక్కింది. టికెట్ ధరలను అంతర్జాతీయ ఒప్పందం బిగించి ఉంచిన రోజుల్లో సంస్థల మధ్య పోటీకి పళ్లెమే ఆయుధమైంది. 1958లో అట్లాంటిక్ దాటే చౌక తరగతిలో పెట్టే శాండ్‌విచ్ ఎంత సాదాగా ఉండాలన్న దాని మీద విమానసంస్థలు తగవులాడుకున్నాయి కూడా. ఆకాశంలో భోజనమనే ఆచారం వ్యాపార పోటీ నీడన పెరిగింది. శరీరానికి అక్కడ తినడం మేలని ఎవరూ పరీక్షించి పెట్టిన ఆచారం కాదది.

ఇక అభ్యంతరాలు. మొదటిది ధర. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. ఈ ఫిర్యాదులు పెరిగాకే కేంద్ర పౌర విమానయాన శాఖ 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కెఫే తెరిచింది, దాన్ని ప్రారంభించింది మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్రమంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడే. అక్కడ టీ 10 రూపాయలు, సమోసా 20 రూపాయలు. ఆ తర్వాత చెన్నైకీ వచ్చింది. అయినా నా వాదన తినే చోటు గురించీ వేళ గురించీ, బిల్లు గురించి కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరిచి టెర్మినల్ కుర్చీలో కూర్చుని తిన్నా శాస్త్రం దృష్టిలో అది సమానమే. పులిహోర దూరప్రయాణాల తోడు కావడానికి కారణముంది, చింతపండు పులుపు సూక్ష్మజీవుల ఎదుగుదలను కొంత అడ్డుకుంటుంది. పెరుగన్నమైతే కొద్ది గంటల్లోనే ముగించాలి. పలచటి చారు, మజ్జిగ సీసాలు మాత్రం వద్దు, అంతర్జాతీయ ప్రయాణాల్లో 100 మిల్లీలీటర్లు మించిన ద్రవపదార్థాలను తనిఖీ దాటనివ్వరు.

రెండో అభ్యంతరం శుభ్రత గురించి. విమానంలో పెట్టే భోజనానికి ఉన్నంత కట్టుదిట్టం రెస్టరెంట్లో ఉంటుందా అని అడగవచ్చు. విమాన భోజనానికి నియమాలు గట్టివే, వాటి వెనక చేదు అనుభవాలున్నాయి. 1975 ఫిబ్రవరిలో ఆంకరేజ్ నుంచి కోపెన్‌హేగన్ వెళ్లిన జపాన్ విమానంలో దాదాపు 200 మంది ఒకేసారి వాంతులతో కుప్పకూలారు. వంటవాడి వేలి పుండు నుంచి హామ్‌కు చేరిన స్టెఫైలోకాకస్, సరైన చల్లదనం లేని చోట గంటల తరబడి నిలవ ఉండి విషాన్ని పుట్టించింది. పైలట్లు వేరే ఆహారం తిన్నందువల్ల విమానం క్షేమంగా దిగింది. ఇద్దరు పైలట్లూ ఒకే వంటకం తినకూడదన్న జాగ్రత్త ఎంత అవసరమో ఆ ఘటన చూపించింది. ఈ కథలో మనకు కావలసిన పాఠం ఒక్కటే: వండటానికీ తినడానికీ మధ్య కాలం పెరిగేకొద్దీ జాగ్రత్త పెరగాలి. ఆ మధ్యకాలం రెస్టరెంట్లో తక్కువ. కళ్లముందు పొగలు కక్కుతూ వచ్చిన ఇడ్లీనో అప్పుడే పోసిన దోసెనో ఎంచుకుని, కోసి ఉంచిన పళ్లముక్కలనూ మయోనీజ్ పూసిన శాండ్‌విచ్‌లనూ పక్కన పెడితే ఆ సందేహం చాలావరకు తీరుతుంది.

మూడోది, ఇంట్లోనే తిని రావచ్చు కదా అన్న మాట. విమానాశ్రయానికి అరగంట దూరంలో ఉన్నవారి విషయంలో ఇది సబబే. కానీ హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కూ ఐరోపాకూ వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి. కరీంనగర్, ఖమ్మం, కర్నూలు నుంచి వచ్చేవారు రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో తిని కారెక్కితే, విమానం కదిలేసరికి ఆ భోజనం అరిగిపోయి ఉంటుంది. పైకి వెళ్లగానే తెల్లవారుజామున వారి ముందు పెద్ద పళ్లెం ప్రత్యక్షమవుతుంది. శరీరం గడియారం ప్రకారం అది భోజన వేళే కాదు. ఒకే భోజనం ఉదయం కంటే రాత్రి జీర్ణాశయంలో దాదాపు ఒకటిన్నర రెట్ల కాలం నిలుస్తుందని 1987 నాటి ప్రయోగమే చూపింది, రాత్రివేళ రక్తంలో చక్కెర అదుపు కూడా సడలుతుంది. అందువల్ల అర్ధరాత్రి విమానానికి ముందు తినేది పలహారం స్థాయిలోనే ఉండాలి. అసలేమీ తినకుండా ఎక్కితే పోదా అనేవారికి కూడా ఇదే సమాధానం. పూర్తి ఖాళీ కడుపూ, పూర్తి నిండు కడుపూ రెండూ ప్రయాణ వికారాన్ని పెంచుతాయి, తేలిక భోజనమే మధ్యేమార్గం. మధుమేహం ఉన్నవారి సంగతి వేరుగా చెప్పాలి. కుదుపులు వస్తే విమానంలో వడ్డన ఆగిపోతుంది, ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ వడ్డనను నమ్ముకుని ముందే ఇన్సులిన్ వేసుకోవడం ప్రమాదం. నేల మీద పళ్లెం ఎదురుగా పెట్టుకుని, డాక్టర్ చెప్పిన మోతాదు వేసుకుని తినడంలో ఆ అనిశ్చితి ఉండదు.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. పదిహేను గంటలు ఎగిరేవారు ఒక్క భోజనంతో ఎలా ఉంటారు? ఉండలేరు, ఉండనక్కర్లేదు కూడా. నేను చెప్పేది ఆ రోజు ప్రధాన భోజనం నేల మీద చేసి, పైన పెట్టేదాన్ని చిరుతిండిగా చూడమని. ఇందులో మరో లాభం ఉంది. ఇంగ్లండ్‌లోని సర్రీ విశ్వవిద్యాలయం 2017లో జరిపిన ప్రయోగంలో, భోజన వేళలను అయిదు గంటలు ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర లయ కూడా దాదాపు అంతే ఆలస్యమైంది, మెదడులోని ప్రధాన గడియారం మాత్రం కదల్లేదు. అంటే తిండి వేళ శరీరంలోని కొన్ని గడియారాలను తిప్పగలదు. ఆ మీటను విమానసంస్థ వడ్డన పట్టికకు అప్పగించేకంటే, బయల్దేరే ముందు సరిగా తిని, పైన తక్కువ తిని, దిగిన ఊరి వేళకు మళ్లీ భోజనం చేయడం తర్కానికి నిలుస్తుంది.

కాబట్టి పాఠకులకు నా సలహా ఇది. దేశీయ ప్రయాణమైతే విమానం కదలడానికి గంట ముందుగా, విదేశీ ప్రయాణమైతే వీలైనంతవరకు రెండు గంటల ముందుగా తినడం ముగించండి. మామూలుగా తినేదానికంటే కాస్త తక్కువ తినండి. వేడిగా వచ్చింది, నూనె తక్కువున్నది, పప్పుధాన్యాలు మితంగా ఉన్నది ఎంచుకోండి. కూల్‌డ్రింక్, మద్యం మానేసి నీళ్లు తాగండి. రెస్టరెంట్ ఖరీదనిపిస్తే ఇంటి డబ్బా తెచ్చుకోండి, కానీ అదీ కూర్చునే తినండి. విమానాశ్రయాలు నడిపేవారికీ ఒక విన్నపం: ఇడ్లీ, పెరుగన్నం, మంచినీళ్లు సామాన్యుడికి అందే ధరకు ప్రతి టెర్మినల్‌లోనూ తనిఖీ దాటాక కూడా దొరకాలి, తెచ్చుకున్న అన్నం తినడానికి నాలుగు బల్లలూ చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయీ ఉండాలి. ప్రయాణికుడికి నేల మీద ఒక పూట తేలిక భోజనం అందుబాటులో ఉంచడం సౌకర్యాల లెక్కలోకే కాదు, ప్రజారోగ్యం లెక్కలోకీ వస్తుంది.